గురువారం దాకా ఆగని ద్రాక్ష

చాప కింద నేల ఇంకా తడిగానే ఉంది. ఏప్రిల్ నెలాఖరులో మోకాళ్ళకు చలి ఎక్కుతోందంటే ఎవరైనా నవ్వుతారు, కానీ నిన్నటి వడగళ్ళు మా గుడి పెంకుల్ని పగలగొట్టాయి, లోపలికి దిగిన నీళ్ళు పొద్దుటినుంచి ఎంత తుడిచినా పోలేదు. యుద్ధం వచ్చాక కిరసనాయిలు దొరకడం లేదు కనుక ఈస్టర్ ముందటి ఈ పెద్ద గురువారం ఆరాధన దీపాల వేళకు ముందే జరుగుతోంది, వాలుతున్న పొద్దు పడమటి కిటికీలోంచి వచ్చి సరిగ్గా బల్ల మీద పడుతోంది, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద రొట్టె, రొట్టె పక్కన వెండి గిన్నె. చిత్తూరు నుంచి వచ్చిన పాదిరి అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. ఆయన పక్కన మా ఆయన, జయరావు గారు, తల వంచుకుని నిలబడ్డారు. ఈ ఊరి బడికి హెడ్మాస్టరు ఆయనే, ఈ గుడికి ఉపదేశి ఆయనే, కాబట్టి రొట్టె అయ్యగారు పెడితే గిన్నె ఆయన పడతారు. ముందు మగవాళ్ళు, ఆ తరువాత మేము. మా వంతు రావడానికి చాలాసేపు పడుతుంది. గిన్నెలో ఏముందో నాకు తెలుసు, నా పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూచున్న గురవమ్మకు తెలుసు, ముందు కుర్చీలో కర్ర మీద గడ్డం ఆనించి కూచున్న మా మామకు తెలుసు. అందరం తాగుతాం. తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ చాప మీదికి వచ్చి కూచుంటాం, అంతా మంచిదే అన్నట్టు.

పందిరి మామ చేతిది. గుడికీ మా ఇంటికీ మధ్య, కపిల బావి పక్కన, రాతి స్తంభాల మీద వేసిన పందిరి. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక దొర దగ్గర తోటపని చేశారట, ఆ దొర ఎక్కడినుంచో ద్రాక్ష కొమ్మలు తెచ్చి ఇక్కడ నాటించాడు, మన గుడి గిన్నెలో మన రసం ఉండాలని. మొదటి కాపుకు దొర ఈస్టర్ ఎప్పుడొస్తుందో చూసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్క కట్టి, తీగ కత్తిరించాక పండడానికి పట్టే నాలుగు నెలల పైచిలుకు ముందు కొమ్మలు కత్తిరించాడు. పెద్ద గురువారం పొద్దున మొదటి గుత్తి కోసి, పిండి, ఆ సాయంత్రం బల్ల మీద పెట్టాలని ఆయన కోరిక. ఆ ఏడు వానలు తొందరగా వెనక్కి పోయాయట, పందిరి విరగకాచిందట, పాకాల నుంచి కూడా జనం వచ్చి చూసి పోయారట. ఈ కథ నేను కాపురానికి వచ్చిన వారంలోనే విన్నాను, అత్త బతికి ఉండగా ఆమె నోట ఒకసారి, మామ నోట లెక్కలేనన్నిసార్లు. దొర పోయాడు. ఒక మంచి ఏడు ఆయన చేసిన పని మాత్రం ఇంట్లో చట్టమై కూచుంది. పండుగ ముందొస్తే కత్తిరింపు ముందు, పండుగ వెనక వస్తే కత్తిరింపు వెనక. గురువారం తెల్లవారేదాకా గుత్తి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. మొదటి గుత్తి ఇంటి పెద్ద కోయాలి, ప్రార్థన చేసి కోయాలి, ఆ కత్తెర మామ తలగడ కింద ఉంటుంది. మిగిలిన పళ్ళన్నీ ఆ తరువాతే కోసి, రాతి తొట్టిలో తొక్కి, జాడీలకు ఎత్తి, మూతులకు గుడ్డ కట్టి చీకటి గదిలో పెడతారు, ఏడాది పొడుగునా చుట్టుపక్కల గుళ్ళకన్నిటికీ అదే వెళుతుంది. యుద్ధం మొదలయ్యాక ఓడల మీద సీమనుంచి ద్రాక్షారసం సీసాలు రావడం ఆగిపోయింది, మామ గొప్ప ఇంకా పెరిగింది.

అయ్యగారి ప్రార్థన ఇంకా సాగుతోంది. పెంకులు పగిలిన చోట నానిన వాసాల నుంచి ఒక బొట్టు, చాలాసేపటికి ఇంకో బొట్టు. ఆగి ఆగి పడే ఈ చుక్క నాకు ఆ చెడ్డ ఏటిని గుర్తుకు తెస్తోంది, యుద్ధం మొదలైన ఏడాది, ఈస్టర్ మార్చిలోనే వచ్చిన ఏడు. లెక్క ప్రకారం కార్తీకంలో కత్తిరించారు. కార్తీకంలో మా వైపు వాన తూర్పునుంచి వస్తుంది, పులికాట్ దిక్కున సముద్రం మీద ముసురు పట్టిందంటే ఇక్కడ మాకు వారం రోజులు సూర్యుడు కనిపించడు. లేత చిగురు, సన్న పూత, వాటిమీద ఎడతెగని జల్లు. ఆకు తిరగేస్తే కింద తెల్లగా బూజు. పూత రాలింది, నిలిచిన పిందె నల్లబడింది. ఆ గురువారం మామ కోసిన గుత్తికి పట్టుమని పిడికెడు పళ్ళు లేవు. దేవుడు పరీక్ష పెట్టినాడు అన్నారు ఆయన. దేవుడు ఏం చేస్తాడు, వానలో పూత నిలవదు అని నేను అనలేదు, అప్పటికి కొత్తగా వచ్చినదాన్ని. తరువాతి ఏళ్ళలో పండుగ కాస్త వెనక పడింది, వాన వెలిసిన తరువాత కత్తిరించారు, ధనుర్మాసపు మంచు దాటింది, మాఘం ఎండకు పిందె కట్టింది, పళ్ళు బాగా వచ్చాయి. లెక్క మంచిదనే మళ్ళీ అన్నారు. ఎప్పుడు కత్తిరిస్తే పూత వానను తప్పించుకుంటుందో, ఎప్పుడు పండితే ఎండాకాలపు గాలివాన రాకముందే ఇంటికి వస్తుందో, ఈ రెండింటి మధ్య ఉన్న సందు ఎంత చిన్నదో నాకు వంటింటి కిటికీలోంచే తెలిసింది, అది తెలుసుకోవడానికి బి.ఏ. అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. పండుగ ఆ సందులో పడిన ఏడు పండేది, పడని ఏడు పోయేది.

ఈ ఏడు ఈస్టర్ ఏప్రిల్ ఇరవై అయిదు. అంత వెనక ఈస్టర్ రావడం ఈ గుడిలో కూచున్నవాళ్ళలో ఎవరూ చూడలేదు, మామ కూడా. ఈసారి కార్తీకంలోనే వానలు వెలిశాయి, నేల ఆరింది, కత్తిరించడానికి అంతకన్నా మంచి అదను ఉండదు, కానీ పండుగ దూరంగా ఉంది కాబట్టి పందిరిని అట్లాగే వదిలేశారు. నేను మా ఆయనకు అన్నం వడ్డిస్తూ అడిగాను, ఇప్పుడు కత్తిరించకపోతే పళ్ళు ఏప్రిల్ చివరికి పోతాయండీ, ఆ వేళకు గాలివానలు వస్తాయి అని. ఆయన పెరుగు కలుపుకుంటూ నవ్వారు.

"పండుగకు పండాలని గదా పందిరి వేసింది?"

"చెట్టుకు పండుగ తెలియదండీ. వానా ఎండా, అంతే దానికి తెలిసేది."

"నువ్వు మద్రాసులో చదివింది భూగోళం. ఇది పందిరి." కోపంగా అనలేదు. ఆయన ఎప్పుడూ కోపంగా అనరు, అదే కష్టం. కోప్పడే మనిషితో పోట్లాడవచ్చు. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు, మళ్ళీ పెట్టుకుంటారు, అప్పటికి మాట ముగిసినట్టే.

మగవాళ్ళు లేస్తున్నారు. ముందు వరస బల్ల ముందు మోకరిస్తోంది. మామను ఇద్దరు పట్టుకుని దించుతున్నారు. రొట్టె, తరువాత గిన్నె, గిన్నె అంచును తెల్లగుడ్డతో తుడవడం, గిన్నెను కాస్త తిప్పడం, పక్కవాడికి పట్టడం. చిత్తూరు బాలికల పాఠశాలలో పెద్ద టీచరమ్మ గారు కూడా ఇంత నెమ్మదిగానే పని చేస్తుంది, సుద్దముక్క కూడా విరగకుండా పట్టుకుంటుంది. క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చింది ఆమె. ఆయన ఎదురుగానే అడిగింది, జూన్‌లో పై తరగతులకు ఒక మనిషి కావాలి, ఆనందమ్మా, నీ చదువు వంటింట్లో బూజు పడుతోంది, వస్తావా అని. ఉండడానికి బడి ఆవరణలోనే ఇల్లు, శనాదివారాలు ఇక్కడికి రావచ్చు, రైలుబండి ఎక్కితే పూటలో పాకాల. నా గుండె ఎట్లా కొట్టుకుందంటే చేతిలోని పళ్ళెం చప్పుడు చేసింది. ఆయన చాలా మర్యాదగా, ద్రాక్ష కోత కానీండమ్మా, ఇంట్లో పెద్దాయన ఉండారు, పని ఉండాది, కోత అయినాక పంపిస్తాను అన్నారు. ఆమె కూడా సంతోషించింది. ఈస్టర్‌కు తిరుపతిలో చెల్లెలింటికి పోతాననీ, సోమవారం పొద్దున బండిలో చిత్తూరుకు తిరిగి వెళ్ళేటప్పుడు పాకాల స్టేషన్లో కనబడి సంగతి చెప్పమనీ, ఆ రోజుకు నేను రాకపోతే వేరే మనిషిని చూసుకుంటాననీ అంది. అందుకనే ఈ ఏడు నేను పందిరిని చూసినంతగా ఎవరూ చూసి ఉండరు. ప్రతి గుత్తినీ చూశాను. మాఘంలో మిరియాల్లా ఉన్నప్పుడు చూశాను, ఫాల్గుణంలో బిగిసి పచ్చగా ఉన్నప్పుడు చూశాను. కోత అయినాక అన్నారు. కోత, కోత, నిద్రలో కూడా ఆ మాటే.

మార్చి నెల ఎండలు మండిపోయాయి. అంత ఎండకు పళ్ళు లెక్కను దాటి ముందే తిరిగాయి, మట్టల ఆదివారం నాటికి పందిరి కింద నల్లగా, బరువుగా వేలాడుతున్నాయి, పిల్లలు మట్టలు పట్టుకుని పాడుతూ పందిరి పక్కనుంచి నడుస్తుంటే తేనెటీగల మోత వాళ్ళ పాటకన్నా గట్టిగా వినిపించింది. పిగిలిపిట్టలు పొడిచిన పళ్ళు కిందపడి కుళ్ళుతున్నాయి. ఆ మధ్యాహ్నం మామ దగ్గరికి వెళ్ళి అడిగాను, మామా, పండినాయి, రేపు కోయిద్దామా అని. ఆయన చూపు పోయిన కళ్ళు నా గొంతు దిక్కుకు తిప్పి, "గురువారం యెప్పుడమ్మా?" అన్నారు. ఇంకా నాలుగు రోజులుండాది మామా అన్నాను. "అయితే యెందుకు అడుగుతా వుండావు?" అన్నారు. అంతే. నేను వంటింట్లోకి వచ్చి పప్పు దించాను. సోమవారం ఉక్క. మంగళవారం గాలి లేదు, ఆకు కదల్లేదు, ఉప్పుజాడీ చెమర్చింది. బుధవారం మధ్యాహ్నం పడమట, మదనపల్లె దిక్కున, కొండల వెనక నుంచి ఒక మబ్బు లేచింది. కార్తీకపు మబ్బు బూడిదరంగులో మెల్లగా పరుచుకుంటుంది, దానికి తొందర లేదు. ఇది అట్లా కాదు, వంగపండు రంగు, అడుగున పచ్చటి గీత. పచ్చటి గీత ఉంటే వడగళ్ళే. మా ఆయన అయ్యగారిని తీసుకురావడానికి ఎద్దులబండి కట్టుకుని పాకాలకు వెళ్ళారు. మామ నిద్రపోతున్నారు. కత్తెర తలగడ కింద.

ఎంతసేపు నిలబడ్డాను అక్కడ? గుమ్మంలో, ఒక చెయ్యి తలుపు మీద వేసి. ఇప్పుడు ఆలోచిస్తే చాలాసేపు అనిపిస్తుంది, నిజానికి పొయ్యి మీద పాలు పొంగేంత సేపు కూడా అయి ఉండదు. కోస్తే తప్పు, కోయకపోతే పోతుంది. పోతే ఆయన ఏమంటారో తెలుసు, దేవుని చిత్తం అంటారు. ఆయన లెక్క, దేవుని చిత్తం. నేను చెప్పులు కూడా వేసుకోకుండా గురవమ్మ గుడిసె దగ్గరికి పరుగెత్తాను. పందిరికి నీళ్ళు కట్టేదీ ఆకు దులిపేదీ ఆమే, అత్త ఉన్నప్పటినుంచీ.

"గురవమ్మా, ఆడోళ్ళను పిలువు. కొడవళ్ళు తీసుకో. గంపలు తీసుకో."

"దేనికమ్మా?"

"పందిరి కోయడానికి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది, పెద్దాయన కోయకుండానా? పాపం గదమ్మా."

"ఆ పాపం నా మీద వేసుకుంటాను. ముందు పైకి సూడు."

ఆమె మబ్బును చూసింది. కొంగు నడుముకు దోపింది. "సరే పదా. బీయే పాసైనోళ్ళ పాపం యెట్లుంటాదో అదీ సూద్దాం."

గురవమ్మతో కలిపి నలుగురు వచ్చారు. ముక్కాలిపీటలు, బడి బెంచీలు, దొరికినవన్నీ వేసుకుని ఎక్కాం. నాకు తెలియదు నా చేతులు అంత వేగంగా పనిచేస్తాయని. గుత్తి కాడను ఎడమచేత్తో పట్టి, కొడవలి లోపలికి తిప్పి లాగితే చిటుక్కున ఒక చప్పుడు, ఆ తరువాత చేతిలో ఆ బరువు, ఎండకు కాగి గోరువెచ్చగా, చీమలు పాకుతూ. ఈ ఇంట్లోకి వచ్చిన ఇన్నేళ్ళలో నా చెయ్యి ఆ గుత్తుల మీద పడడం అదే మొదటిసారి. గంపలు నిండుతున్నాయి, గురవమ్మ ఆడవాళ్ళ మీద అరుస్తోంది, "ఏమ్మే, నోట్లో వేసుకోబాక, కోయి! వాన నీ మొగుడా, నువ్వు తినేదాకా ఆగేదానికి?" అని, అందరూ నవ్వుతున్నారు, ఆ ఉరుముల మధ్య నవ్వుతున్నారు, నేను కూడా నవ్వాను, అది నాకు గుర్తుంది. గాలి తిరిగింది. ఒక్కసారిగా చల్లబడింది. బావి పక్క మూల, మామ ప్రతి ఏడూ మొదటి గుత్తి కోసే ఆ ఒక్క తీగను మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు నేను, అది ఆయనది, ఆయనకోసం ఉండనీ అన్నాను, నా పాత నేత చీర తెచ్చి దాని గుత్తుల చుట్టూ కట్టాను. చివరి గంప వసారాలోకి చేరుతుండగా మొదటి వడగల్లు బెంచీ మీద టప్పుమని పడింది, తరువాత ఇంకేమీ వినిపించలేదు. వసారాలో ఐదుగురం గంపల మధ్య నిలబడి చూశాం. ఆకు చిల్లులు పడి, పీలికలై, పోయింది. స్తంభాల మీద అడ్డకర్రలు విరిగాయి. నా చీర గాలికి లేచి బావిలో పడింది.

రెండో వరస మగవాళ్ళు బల్ల దగ్గరనుంచి లేస్తున్నారు. ఒకతను తాగుతూనే ముఖం చిట్లించి, వెంటనే సర్దుకున్నాడు. మా ఆయన అది చూశారు, చూడనట్టు గిన్నె తిప్పారు. నిన్న సాయంత్రం ఆయన ముఖం ఎట్లా ఉండిందో, బండిలోంచి తడిసి ముద్దై దిగి, వసారాలో గంపలు చూసినప్పుడు. నేను వెర్రిదాన్ని, సంతోషిస్తారనుకున్నాను. తువ్వాలు చేతికిచ్చి, అన్నీ దక్కినాయండీ అన్నాను. ఆయన తువ్వాలు పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. మామ కర్ర పట్టుకుని బయటికి వచ్చి గంపలోకి చెయ్యి పెట్టి ఒక గుత్తి తడిమారు, కొడవలితో కోసిన కాడ చివర వేలితో పాముకున్నారు, కత్తెర కోత కాదని వేలికి తెలిసింది.

"యెవరు కోసినారు?"

"నేనే మామా. వడగళ్ళు పడతాయని."

"ప్రార్థన చేసినారా?"

గురవమ్మ స్తంభం వెనక నుంచి, "ఉరిమేటప్పుడు అందరం యేసయ్యా యేసయ్యా అనే అంటిమి పెద్దాయనా," అంది. ఎవరూ నవ్వలేదు.

"దొంగలు కోసినట్లు కోసినారు," అన్నారు మామ. "జయరావూ, ఇది బల్ల మీదికి రాకూడదు."

అయ్యగారు తల తుడుచుకుంటూ, పళ్ళు మాత్రం బాగున్నాయి కదా అన్నారు. మా ఆయన అయ్యగారి వైపు చూశారు. మీ ఇంటి ఆచారం మీది లెండి అని అయ్యగారు సర్దుకున్నారు. రాత్రి భోజనమయ్యాక పళ్ళెం నిండా అవే పళ్ళు పెట్టమన్నారు, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, గింజలు పళ్ళెం అంచున వరసగా ఉమ్ముతూ, ఇంత తియ్యటి పండు ఈ జిల్లాలో తినలేదమ్మా అన్నారు. నేను విస్తళ్ళు ఎత్తుతున్నాను. తినడానికి పనికివస్తాయి. మా ఆయన గంపలన్నీ గుడి వెనక గదిలో పెట్టించి తలుపు వేశారు.

తెల్లవారి మామ కత్తెర పట్టుకుని, మా ఆయన చెయ్యి పట్టుకుని, పందిరి కిందికి వెళ్ళారు. పందిరి ఏముంది, కట్టెలు. బావి మూలన నేను వదిలేసిన ఆ ఒక్క తీగ, దానికి చీలిపోయి మట్టి కొట్టుకున్న గుత్తులు మూడో నాలుగో, వాటిలో నీళ్ళు. అయ్యగారు ప్రార్థన చేశారు. మామ వేళ్ళతో వెతికి వెతికి కాడ పట్టుకుని కోశారు. వాటిని పిండితే వచ్చిన రసానికి రంగు లేదు. చెంబెడు నీళ్ళు కలపండి, అందరికీ చాలాలి గదా అన్నారు మామ. అప్పుడు, మా ఆయన ఒక్కరే వసారాలోకి వచ్చినప్పుడు, ఆ వేళే ఎందుకు అడిగానో, సోమవారం దగ్గర పడుతోందని భయం వేసి అడిగాను.

"సోమవారం పాకాలకు పోవాల గదండీ. టీచరమ్మ గారికి చెప్పాల. కోత అయినాక అన్నారు."

ఆయన కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు. పెట్టుకున్నారు.

"కోత యాడైంది?" అన్నారు, చాలా మెత్తగా. "కోత కాలేదు గదా."

నేను ఆయన ముఖం చూశాను, ఎగతాళేమో అని. కాదు. నిజంగానే అంటున్నారు. ఆయన లెక్కలో నిన్న మధ్యాహ్నం ఈ ఇంట్లో ఏమీ జరగలేదు. వచ్చే ఏడు పండుగ ముందే వస్తుంది, నాయన చెప్పినాడు, అప్పుడు చూద్దాం అని లోపలికి వెళ్ళారు.

ఇప్పుడు ఆడవాళ్ళు లేస్తున్నారు. మా వరసకు ముందు ఇంకో వరస. మెడ వెనక ఏదో వెచ్చగా తగిలినట్టు, ముందు అది గాలి అనుకున్నాను, తరువాత వాసన అని తెలిసింది. తియ్యగా, పుల్లగా, ముక్కు లోపల చురుక్కుమనేటట్టు. పక్కన గురవమ్మ కూడా తల ఎత్తింది.

"అమ్మా, ఏంది ఈ వాసన?"

"వెనక గది."

"మన గంపలా?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అబ్బ, ఒక పగలుకే పొంగినాయే. గుడంతా సారాయంగడి మాదిరి అయిపోయె."

గంపల అడుగున నలిగిన పళ్ళు, మూసిన గది, పొద్దుటినుంచి పెంకుల మీద కాసిన ఎండ, ఇంకేం కావాలి వాటికి, తొట్టి వద్దు, ప్రార్థన వద్దు, ఎవరి అనుమతీ వద్దు, వాటంతట అవే మొదలుపెట్టాయి. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అయ్యగారి గొంతు ఒక్క క్షణం తడబడి సర్దుకుంది. మామ కుర్చీలో ముఖం వెనక్కి తిప్పారు, ముక్కుపుటాలు ఎగిసి, ఆ వాసనలో ఉన్న పండు ఎటువంటిదో ఆయనకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది, ఇన్నేళ్ళు జాడీల పక్కన పడుకున్న మనిషి. ఏమైనా అంటారేమోనని చూశాను. మెల్లగా ముఖం మళ్ళీ బల్ల వైపు తిప్పుకున్నారు.

మోకరించాను. బల్ల ముందు నేల ఇంకా తడి. రొట్టె నా అరచేతిలో పడింది, తిన్నాను, రొట్టె మీద నాకు కోపం లేదు. ఆయన నా ఎదుటికి వచ్చారు. నా భర్త చేతులు, గోళ్ళలో సుద్ద, గిన్నెను జాగ్రత్తగా రెండు చేతుల్తో పట్టుకుని నా నోటి దగ్గరికి వంచారు. గిన్నె లోపల పలచగా, కళ తప్పిన నీళ్ళ మీద కిటికీ వెలుగు ఊగుతోంది. ఇన్నేళ్ళూ నోరు తెరిచాను. మంచి ఏడు తాగాను, చెడ్డ ఏడు తాగాను, పుల్లగా ఉన్నప్పుడు కూడా ముఖం చిట్లించకుండా తాగాను.

"కోత కాలేదు గదా," అన్నాను, ఆయనకు మాత్రమే వినిపించేటట్టు.

పెదవులు మూసుకున్నాను. ఆయన చెయ్యి అట్లాగే ఉంది. గిన్నె అంచు నా పెదవికి వెంట్రుకవాసి దూరంలో ఆగి, ఎదురుచూసి, ఇంకా కాస్త వంగి, మళ్ళీ నిటారైంది. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను తాకని ఆ అంచును అలవాటు కొద్దీ తెల్లగుడ్డతో తుడిచారు, గిన్నె తిప్పారు, గురవమ్మకు పట్టారు. గురవమ్మ తాగింది.

చాప మీదికి వచ్చాక ఆమె మోచేత్తో నన్ను పొడిచింది. "నువ్వు తాగలా?"

"లేదు."

"మంచి పని చేస్తివి. వాననీళ్ళే."

సోమవారం పొద్దున బండి పాకాలలో కాసేపు ఆగుతుంది, ఇంజనుకు నీళ్ళు పడతారు. టీచరమ్మ గారు కిటికీలోంచి తల బయటపెట్టి నాకోసం చూస్తుంది. నేను అక్కడ ఉంటాను. వస్తానని చెబుతాను. ఇంట్లో అడిగి చెబుతున్నావా అంటే అవునని అబద్ధం చెప్పను, లేదని కూడా చెప్పను, జూన్‌లో ఏ తారీకుకు రావాలో అడుగుతాను. ఆ మాట అనుకుంటే క్రిస్మస్ నాడు పళ్ళెం వణికిన సంతోషం రాలేదు. ఎంత వెతికినా రాలేదు. మాట మాత్రం ఉంది.

వాసన ఇంకా పెరిగింది. అయ్యగారు ఆరాధన ఆపకుండానే కళ్ళతో సైగ చేశారు. మా ఆయన గిన్నె బల్ల మీద పెట్టి, గుడ్డ కప్పి, చప్పుడు కాకుండా నడిచి వెళ్ళి వెనక కిటికీ తలుపులు దగ్గరికి లాగి గడియ వేశారు. తిరిగి వచ్చి తన చోట నిలబడి తల వంచుకున్నారు. వాసన కిటికీలోంచి రావడం లేదు, పైన పగిలిన పెంకుల్లోంచి దిగుతోంది, గడియ వేసి లాభం లేదు. వేరే రోజు అయితే లేచి వెళ్ళి చెప్పేదాన్ని.

కూచునే ఉన్నాను.